మోకాళ్ళు చాచని మూలపురుషుడు

కిందటేడు దాకా ఆయన రోజూ పొద్దున రెండు ఒళ్ళు శుభ్రం చేసేవాడు. ఒకటి ఇంట్లో, కుళాయి కింద, సబ్బుతో. రెండోది మ్యూజియంలో, పొడి కుంచెతో. రెండూ ఆయనవే.

మ్యూజియం కింది అంతస్తులో చివరి హాలుకి ఆయన కాపలా. జనాన్ని లోపలికి వదలకముందే నీలం లైటు వేసి, తాడు కింద నుంచి దూరి, ఇసుక పరిచిన అరుగు ఎక్కేవాడు. అక్కడ ముప్పై లక్షల ఏళ్ళ కిందటి మనిషి నిలబడి ఉండేవాడు. మోకాళ్ళు వంగి, నడుము ముందుకు వాలి, ఎవరో పిలిస్తే లేవబోయి మధ్యలో ఆగిపోయినట్టు. ఒంటినిండా గుచ్చిన వెంట్రుకలు. ఆయన ముందు భుజాలు దులిపేవాడు, తర్వాత వీపు. ఎడమ భుజం వెనక శనగగింజంత పుట్టుమచ్చ ఉంది. రంగు వేసినా దాగలేదు. అలాంటిదే ఆయన వీపు మీదా అక్కడే ఉంది. కుడి జబ్బ మీద చిన్నప్పటి టీకా మచ్చ. దాన్ని లప్పంతో పూడ్చారు గానీ లప్పం ఎండి కుంగినప్పుడల్లా మచ్చ పైకి తేలేది. ముప్పై లక్షల ఏళ్ళ కిందట టీకా వేసిందెవరని ఒకసారి ఒక బడిపిల్ల అడిగింది. టీచరు కాసేపు ఆ మచ్చ వైపే చూసి, పిల్లలందర్నీ గబగబా తర్వాతి హాల్లోకి తోలుకుపోయింది.

తల మాత్రం ఆయనది కాదు. ఎక్కడో దొరికిన పుర్రె ముక్కల నమూనా మీద చేసింది. ముంజేతులు కొంచెం సాగదీశారు. మెడ కింద మిగతాదంతా ఆయనే.

మ్యూజియంలో అందరూ ఆయన్ని మూలపురుషుడు అంటారు. ఆ పేరు పెట్టింది ఎదుటి టీ కొట్టతను. బడి బస్సులు వచ్చిపోయిన మర్నాడల్లా, "రండి మూలపురుషుడు గారూ, మీ సంతానం నిన్న కొట్టంతా ఊడ్చుకుపోయింది. మీకు ఒట్టి టీయే గతి" అంటాడు. అసలు పేరుతో పిలిస్తే ఆయన వెంటనే పలకడు. వెనక ఇంకెవరైనా ఉన్నారేమోనని తిరిగి చూస్తాడు.

ఆయన అక్కడికి పెట్టెలు మోయడానికి వచ్చాడు. ఐదడుగులకు రెండంగుళాలు తక్కువ. అడ్డంగా మాత్రం ఎక్కడా తక్కువ లేదు. రాళ్ళూ ఎముకలూ నింపిన చెక్కపెట్టెలను వీపు మీద వేసుకుని, పెరటి మెట్లు ఊపిరి పీల్చినంత తేలిగ్గా ఎక్కేవాడు. మ్యూజియానికి బొమ్మలు చేసిపెట్టే ఆవిడ ఒకరోజు కిటికీలోంచి అది చూసింది. అందరూ ఆవిడను బొమ్మలావిడ అనేవాళ్ళు.

"ఆ పిక్కలు నాకు కావాలి" అంది మేనేజరుతో.

"పిక్కలొక్కటే ఎలా ఇస్తానండీ, మనిషిని కూడా పట్టుకుపొండి" అన్నాడు మేనేజరు.

అప్పటికి ఆయనకు ఇరవై ఎనిమిదేళ్ళు. పెళ్ళయింది, నడక నేర్చుకుంటున్న కూతురుంది. ఒంటికి నూనె పూసి, లేవబోయి ఆగిన భంగిమలో నిలబెట్టి, తొడల కింద కర్ర ఊతం పెట్టారు. ఇద్దరు పండితులు ఎముకల పటాలు పట్టుకుని ఆయన చుట్టూ తిరిగారు. "ఇంకొంచెం వంచు. అంత నిటారు పనికిరాదు. నువ్వింకా పూర్తిగా లేవలేదు" అన్నాడు ఒకాయన. వాళ్ళ లెక్క అది. మనిషి రెండు కాళ్ళ మీదికి లేచాడు గానీ, మోకాళ్ళు చాచడం చాలాకాలం దాకా చేతకాలేదని.

తడిపిన ప్లాస్టరు గుడ్డపేలికలు పొరలు పొరలుగా చుట్టారు. ప్లాస్టరు మొదట చల్లగా ఉంటుంది, గట్టిపడేటప్పుడు వేడెక్కుతుంది. ఆ వేడిలో తన ఒళ్ళు ఎక్కడ ఆగిందో, ప్లాస్టరు ఎక్కడ మొదలైందో తెలియలేదని ఆయన ఆ సాయంత్రం భార్యతో చెప్పాడు. "నన్ను విప్పి బయటికి తీశారు గానీ, బయటికి వచ్చింది నేనేనా అనిపించిందే" అన్నాడు. ఆమె నవ్వి, చెవుల వెనక మిగిలిన ప్లాస్టరు గోటితో గీకింది.

ఆ తర్వాత ఆయన చేత పెట్టెలు మోయించలేదు. ఆ బొమ్మ ఉన్న హాలుకే కాపలా వేశారు. నీడపట్టు ఉద్యోగం, అదృష్టవంతుడు అన్నారు అందరూ.

భార్యకు వీధి మలుపులో చిన్న కుట్టుకొట్టు. కొత్త బట్టలు కుట్టదు. పొడుగైనవి కురచ చేస్తుంది, బిగుతైనవి వదులు చేస్తుంది. ఆ వీధిలో ఎవరు ఒళ్ళు చేశారో, ఎవరు చిక్కిపోయారో అద్దం కంటే ముందు ఆమెకు తెలుస్తుంది. పెళ్ళయిన కొత్తలో ఆయన ప్యాంట్లకు అడుగున ఒక వేలు మడత పెట్టేది. బొమ్మ హాల్లోకి వచ్చిన కొన్నేళ్ళకు అవే ప్యాంట్లు నేల ఊడవడం మొదలుపెట్టాయి. రెండు వేళ్ళు మడిచింది. ఇంకొన్నేళ్ళకు మూడు. బట్ట సాగిందనుకుంది మొదట. ఉతికితే ముడుచుకునే బట్టను చూసింది గానీ సాగే బట్టను ఆమె ఎన్నడూ చూడలేదు.

"ఏవండీ, సరిగ్గా నిలబడండి, కొలత తీయాలి."

"సరిగ్గానే నిలబడ్డాను."

"మోకాళ్ళు చాచండి."

"చాచే ఉన్నాయి కదే."

ఆమె టేపు పట్టుకుని కింద కూర్చుని తలెత్తి చూసింది. మోకాళ్ళు వంగి ఉన్నాయి. ఆయన ముఖంలో మాత్రం అబద్ధం లేదు.

ఒక మధ్యాహ్నం మరిచిపోయిన కళ్ళజోడు ఇవ్వడానికి ఆమె మ్యూజియానికి వెళ్ళింది. హాల్లో జనం లేరు. నీలం వెలుతురులో బొమ్మ పక్కవాటుగా నిలబడి ఉంది. దాని పక్కన, తాడుకు ఇవతల, ఆయన పక్కవాటుగా నిలబడి ఉన్నాడు. అదే వంపు. అదే వాలు. మడమ నుంచి నడుము దాకా ఒకే కాగితం మీద గీసి కత్తిరించిన రెండు ముక్కల్లా ఉన్నారు. ఆమె పిలవబోయి ఆగింది. పిలిస్తే ఎవరు తిరుగుతారోనని భయమేసిందట.

ఎక్స్‌రే తీయించారు. డాక్టరు దాన్ని వెలుతురుకు పెట్టి చూసి, పెదవి విరిచాడు.

"ఎముకలు శుభ్రంగా ఉన్నాయి. నొప్పి ఉందా?"

"లేదండీ."

"అయితే కాళ్ళు చాచండి."

"చాచానండీ."

డాక్టరు కాసేపు ఆయన మోకాళ్ళ వైపు చూసి, "ఇదేనా చాచడం?" అన్నాడు.

"ఇదేనండీ."

బలానికి మాత్రలు రాసిచ్చాడు. ఆయన వాటిని తు.చ. తప్పకుండా మింగాడు. మడత నాలుగో వేలుకు వచ్చింది. చిన్నప్పుడు కూతురు తండ్రి భుజం ఎక్కి పైఅరలో డబ్బాలు తీసేది. ఇప్పుడు తండ్రికి అందనివి కూతురే తీసి ఇస్తోంది, ఆమెదీ ఒకప్పటి ఆయన ఎత్తే అయినా.

కిందటేడు కొత్త క్యూరేటరు వచ్చాడు. చదువుకున్నవాడు, మర్యాదస్తుడు. ఎవరినీ నువ్వు అనడు. హాలంతా ఒకసారి తిరిగి, బొమ్మ దగ్గర ఆగి, కాపలాదారుతో నెమ్మదిగా అన్నాడు.

"ఇది తప్పు బొమ్మండీ. ఎముకలు చూసినా, గట్టిపడిన బూడిదలో దొరికిన పాదాల గుర్తులు చూసినా, వాళ్ళు దాదాపు మనలాగే కాళ్ళు చాచి నడిచారని ఇప్పుడు ఎక్కువమంది ఒప్పుకుంటున్నారు. ఇలా కుంగి నడవలేదు."

"అయితే ఏం చేస్తారు సార్?"

"తీసెయ్యాలి. అరుగుతో కలిపి బిగించారు, ఊడి రాదు కాబట్టి ఇక్కడే ముక్కలు చేయాలి." అప్పుడే ఏదో గుర్తొచ్చి నొచ్చుకున్నాడు. "ఇది మీ ఒంటి మీద పోసి తీసిందటగా. మీకేం అభ్యంతరం లేదుగా?"

ఆయన ఆలోచించి అన్నాడు. "నాకెందుకు సార్ అభ్యంతరం. ఏ రోజు పగలగొడతారో ముందే చెప్పండి. ఆ రోజు సెలవు పెట్టుకుంటాను."

ఇంట్లో ఈ మాట చెప్పగానే కుట్టుమిషను ఆగింది.

"పగలగొడతారా? మిమ్మల్నా?"

"నన్ను కాదే. బొమ్మని."

"మోకాళ్ళ దగ్గర రెండూ ఒకటే అయినప్పుడు గుండె దగ్గర మాత్రం వేరెలా అవుతాయండీ?"

కూతురు అప్పుడే డ్యూటీ దిగి వచ్చింది. ఊరి బస్సు నడుపుతుంది. ముప్పై దాటింది, పెళ్ళి ఊసెత్తితే "నా బస్సుకే రోజూ వెయ్యిమంది పిల్లలు, ఇంకా ఎందుకు" అంటుంది. తండ్రి పోలిక ఎక్కడా తప్పలేదు. అదే పొట్టితనం, అవే పిక్కలు, అదే దిట్టమైన నడుము. సీటు పూర్తిగా ముందుకు లాగి, వీపు వెనక దిండు పెట్టుకుంటే గానీ క్లచ్ అందదు.

"అమ్మా, బొమ్మలు విరిగితే మనుషులు పోయేట్టయితే, బట్టల షాపుల వీధిలో రోజుకో శవం లేవాలి" అంది కూతురు చెప్పులు విప్పుతూ.

"షాపు బొమ్మల్ని మనిషి మీద పోసి తీయరే."

"సరే, నాన్ననే అడుగుదాం. నాన్నా, నీకేమనిపిస్తోంది?"

ఆయన చేతిలో కుంచె ఉన్నట్టు వేళ్ళు ఆడించాడు. "పొద్దున వీపు దులుపుతుంటే నాకు చక్కిలిగింత పుడుతుందమ్మా. నవ్వు ఆపుకుంటాను" అన్నాడు. కూతురు ఆ తర్వాత హాస్యమాడలేదు.

వారం తిరక్కుండా భార్య ఆయన్ని వెంటబెట్టుకుని బొమ్మలావిడ ఇంటికి వెళ్ళింది. ఆవిడ పని మానేసి చాలాకాలమైంది. ఒక కంట్లో శుక్లం, రెండో కంటికి సీసా అడుగు లాంటి కళ్ళద్దం. గది నిండా చేతులు, చెవులు, పెదవులు, ఏ మనిషికీ చెందనివి. ఆవిడ ఆయన్ని కళ్ళతో గుర్తుపట్టలేదు. వంగి పిక్క మీద చెయ్యి వేసి, "ఓ, నువ్వా" అంది.

భార్య అంతా చెప్పింది. ఆవిడ నవ్వుతూ వింది, మధ్యలో నవ్వు మానేసింది.

"ఆయన్ని విప్పేటప్పుడు మాట చెప్పానా నేను?" అని తననే అడుగుతున్నట్టు అంది.

"ఏం మాటండీ?"

"ప్లాస్టరులో ఎక్కువసేపు ఉన్న మనిషికి కాళ్ళూ చేతులూ ఎక్కడున్నాయో తెలియదమ్మా. హఠాత్తుగా విప్పితే తూలి పడతాడు. అందుకని మా గురువుగారి కాలం నుంచీ ఒక అలవాటు. విప్పబోయే ముందు ప్లాస్టరు మీద రెండుసార్లు తట్టి, 'ఇక నీ ఒళ్ళు నీది' అనాలి. ఆ మాట వినపడ్డాకే లోపలి మనిషి కదలాలి. ఆ రోజు ఎవరో పెద్దాయన వచ్చాడని నన్ను పైకి పిలిచారు. నేను కిందికి వచ్చేసరికి పనివాళ్ళు విప్పేసి, బీడీలు కాలుస్తున్నారు."

"అంటే మా ఆయనకు చెప్పలేదు."

"అదేం మంత్రం కాదమ్మా. పడిపోకుండా చెప్పే మాట."

"మంత్రం కాకపోతే ఇప్పుడు చెప్పండి. మీదేం పోయింది?"

బొమ్మలావిడ ఆయన భుజం మీద రెండుసార్లు తట్టి, "ఇక నీ ఒళ్ళు నీదే నాయనా, వెళ్ళిరా" అంది. ముగ్గురూ కాసేపు ఆయన మోకాళ్ళ వైపు చూశారు. ఏమీ జరగలేదు. ఆయనకే సిగ్గేసి, "పదవే, బస్సు పోతుంది" అన్నాడు.

గుమ్మం దగ్గర బొమ్మలావిడ భార్యను ఆపింది. "మొత్తం పగలగొట్టనక్కర్లేదని మీ క్యూరేటరుకు చెప్పు. నడుము దగ్గర కోసి, కింద చాచిన కాళ్ళు కొత్తవి పోసి అతికిస్తే సరిపోతుంది. పైభాగం ఎక్కడా చెడదు. కాకపోతే కొలతలు కుదరాలి. ఇలాంటి ఒళ్ళు ఇంకోటి కావాలి."

ఇలాంటి ఒళ్ళు ఇంకోటి ఎక్కడుందో భార్యకు తెలుసు. ఆ సలహా తనలోనే దాచుకుంటే బొమ్మ ముక్కలవుతుంది, మొగుడు ఏమవుతాడో తెలియదు. చెబితే కూతురు ప్లాస్టరులో నిలబడుతుంది. రెండు రోజులు కొట్టు తెరవలేదు. గుమ్మం బయట నిలబడి ఆయనా ఆ మాట విన్నాడు. మూడో రోజు ఆయనే క్యూరేటరుతో మాట కలిపి, ఆ సలహా తానే చెప్పేశాడు. క్యూరేటరు సంబరపడ్డాడు. కొత్త బొమ్మ చేయించే కంటే కాళ్ళు మార్చడం ఎంతో తేలిక.

"మీరెందుకు చెప్పారు?" అంది భార్య.

"ఇన్నేళ్ళ నుంచీ జనం వచ్చి నా వంకర చూసి పోతున్నారే. ఒక్కసారి నిటారుగా నిలబడి చూసుకోవాలని ఉంది. బొమ్మయినా సరే."

కూతురు వెంటనే ఒప్పుకుంది. "నాన్న కాళ్ళే నాకొచ్చాయి. అద్దెకిచ్చినట్టు అనుకో" అంది తల్లితో.

"అద్దెకిచ్చిన ఇల్లు ఖాళీ చేయించడం ఎంత కష్టమో తెలుసా నీకు?"

"అమ్మా, చాచి నిలబడాలి, అంతే. వంగమని అనట్లేదుగా. నిటారుగా ఉండటం వల్ల ఎవరికైనా చెడు జరుగుతుందా?"

తల్లి చేతిలో టేపు చుట్టి పక్కన పెట్టింది. ఒక్క షరతు పెట్టింది. విప్పేటప్పుడు బొమ్మలావిడ అక్కడుండాలి, ఆ మాట చెప్పాలి. క్యూరేటరు నవ్వి, కారు పంపిస్తానన్నాడు.

అచ్చు తీసింది మ్యూజియం పనిగదిలో, పగటిపూట. బొమ్మను అప్పటికే నడుము దగ్గర కోసేశారు. రంపం ఆడుతున్నంతసేపూ ఆయన ఎదుటి కొట్లో టీ తాగుతూ కూర్చున్నాడు. ఏమీ అనిపించలేదన్నాడు. టీ కొట్టతను మాత్రం ఆయన నడుముకు చెయ్యి అడ్డం పెట్టుకున్నాడని చెబుతాడు. కింది సగాన్ని అవతల పారేశారు. తలా మొండెమూ బల్ల మీద ఎత్తుగా నిలబెట్టి, రంగు పాడవకుండా గుడ్డ కప్పారు.

ఆ బల్ల పక్కనే కూతురు నిలబడింది. తొడలు బిగించి, మోకాళ్ళు వెనక్కి లాగి, మడమలు నేలకు నొక్కి. క్యూరేటరు కొలబద్ద పట్టుకుని చూసి, "ఇంకొంచెం నిటారుగా. అవును, అలాగే. కదలకండి" అన్నాడు. ప్లాస్టరు చుట్టారు. గదిలో తెల్లటి పొడి లేచి అందరి మీదా వాలింది. బల్ల మీది గుడ్డ కూడా తెల్లబడింది. కూతురు మొదట బస్సు కబుర్లు చెప్పింది. వేడెక్కడం మొదలయ్యాక మాటలు తగ్గాయి. తర్వాత ఆగిపోయాయి.

"ఎలా ఉందే?" అంది తల్లి.

"కాళ్ళు ఉన్నట్టు లేవమ్మా" అంది కూతురు. గొంతు ఎక్కడో పక్కగదిలోంచి వస్తున్నట్టుంది.

సమయానికి బొమ్మలావిడను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చారు. ఆవిడ ప్లాస్టరు వాసన పీల్చి, చాలా కాలం తర్వాత పుట్టింటికి వచ్చినదానిలా నవ్వింది. శుక్లం లేని కన్ను చిట్లించి, తెల్లగా నిలబడి ఉన్న ఆకారం దగ్గరికి వెళ్ళింది. వేలి కణుపులతో రెండుసార్లు తట్టింది.

"ఇక నీ ఒళ్ళు నీది."

పనివాళ్ళు ఆ మాటకే కాచుకుని ఉన్నారు. కూతురి వెనక చేరి ప్లాస్టరు అంచులు పట్టి లాగారు. అది పెద్ద చప్పుడుతో రెండు చెక్కలుగా విడిపోయింది.

తల్లి మాత్రం అంతకు ముందు చప్పుడు దగ్గరే ఆగిపోయింది. గట్టిపడిన ప్లాస్టరు మీద తడితే గోడ మీద తట్టినట్టు ఉండాలి. బొమ్మలావిడ తట్టినప్పుడు డొల్ల మోగింది. ఆవిడ తట్టింది కూతుర్ని కాదు. బల్ల మీద గుడ్డ కప్పిన మొండేన్ని.

"అటు కాదండీ, ఇటు!" అని అరిచింది తల్లి.

అందరూ ఫక్కున నవ్వారు. బొమ్మలావిడా నవ్వింది. "అయ్యో, మీ ఆయనకు బాకీ తీర్చానన్నమాట" అంది. గుమ్మంలో నిలబడ్డ ఆయన కూడా నవ్వాడు. నవ్వుతూనే గోడకు చెయ్యి ఆన్చుకున్నాడు. తల తిరిగిందన్నాడు.

తల్లి బొమ్మలావిడను లాక్కుపోయేసరికి కూతురు బకెట్టు దగ్గర కాళ్ళు కడుక్కుంటోంది. నడుము దగ్గర వంగి కడుక్కుంటోంది, మోకాళ్ళ దగ్గర కాదు. ఆవిడ ఆమె భుజం తట్టి, "నీ ఒళ్ళు కూడా నీదేనమ్మా" అంది.

"థాంక్సండీ, డ్యూటీకి టైమవుతోంది" అంది కూతురు.

నెల తిరిగేసరికి ఆయన చీలమండలు బయటపడ్డాయి. భార్య ప్యాంటు మడత ఒక వేలు విప్పింది. ఇంకో రెండు వారాలకు ఇంకో వేలు. ఆయన పైఅరలో డబ్బా తనే అందుకుని, చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాడు, ఎందుకు తీశాడో మరిచిపోయినట్టు. డాక్టరు చూసి తన మాత్రలను మెచ్చుకున్నాడు. టీ కొట్టతను, "మూలపురుషుడు లేచాడహో!" అని వీధంతా వినబడేలా చాటింపు వేశాడు. ఆయనకు పాతికేళ్ళ వయసు తగ్గినట్టుంది. ఇంటికొచ్చి అద్దం ముందు పక్కవాటుగా నిలబడి చూసుకునేవాడు.

భార్య ఆయన్ని చూడటం మానేసింది. కూతుర్ని చూస్తోంది.

మొదట తేడా క్లచ్ దగ్గర వచ్చింది. "మోకాలు మొరాయిస్తోందమ్మా, కొత్త బస్సు కదా" అంది కూతురు. సీటు ఒక మెట్టు వెనక్కి జరిపింది. ఆ తర్వాత ఇంకొకటి. చివరికి వెనక దిండు తీసేసింది. కాళ్ళు బారుగా చాచుకుంటే తప్ప కూర్చోలేకపోతోంది. ఒక కూడలిలో బ్రేకు ఆలస్యంగా పడింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. డిపోవాళ్ళు ఆమెను బస్సు దింపి, గేటు దగ్గర వచ్చేపోయే బస్సులు చూసుకోమన్నారు. అది నిలబడి చేసే పని. "మంచిదేలే, కూర్చుంటేనే ఇబ్బందిగా ఉంది" అంది కూతురు.

ఇంట్లో గోడకు ఆనుకుని, కంచం చేత్తో పట్టుకుని తినడం మొదలుపెట్టింది. తండ్రి కుర్చీ లాగి, "కూర్చోవే" అన్నాడు.

"కూర్చున్నాను కదా నాన్నా" అంది కూతురు.

ఆయన చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

అదే డాక్టరు ఎక్స్‌రే వెలుతురుకు పెట్టి చూశాడు. ఎముకలు శుభ్రంగా ఉన్నాయన్నాడు.

"మోకాళ్ళు వంచండి."

"వంచానండీ."

డాక్టరు చీటీ ముందుకు లాక్కున్నాడు. తండ్రికి రాసిన మాత్రలే కూతురికీ రాశాడు.

తల్లి బొమ్మలావిడ దగ్గరికి పరుగెత్తింది. ఆవిడ ఈసారి మంత్రం కాదని అనలేదు. మంచం మీద లేచి కూర్చుని, "ప్లాస్టరు చెక్కలు ఏం చేశారు?" అంది. వాటిలో కాళ్ళు పోసి తీశాక పగలగొట్టి చెత్తబండికి ఎత్తేశారని తల్లి చెప్పింది. "అయితే కాళ్ళు ఉన్నది బొమ్మకే. మీ ఆయనకు మాట తగిలింది బొమ్మ మీద తడితేనే కదా. నన్ను దాని దగ్గరికి తీసుకుపో. ఈసారి చెయ్యి పట్టుకుని నువ్వే చూపించు."

తల్లి ముందు తానొక్కతే వెళ్ళి చూసింది. హాలు అప్పటికి తెరిచారు. కొత్త లైట్లు, కొత్త ఇసుక. మధ్యలో ముప్పై లక్షల ఏళ్ళ కిందటి మనిషి నిటారుగా, ఎదురుగా వస్తున్నవాళ్ళ కళ్ళలోకి చూస్తూ నిలబడి ఉన్నాడు. తండ్రి మొండెం, కూతురి కాళ్ళు. అతుకు ఎక్కడుందో తెలియకుండా వెంట్రుకలు గుచ్చారు. తాడు తీసేశారు. చుట్టూ నేల నుంచి కప్పు దాకా మందపాటి అద్దం. ఇప్పుడు దుమ్ము పడదు కాబట్టి కాపలాదారుకు దులిపే పని కూడా లేదు. ఆయన తలుపు పక్కన కుర్చీలో కూర్చుని, అటు వైపు వీపు పెట్టుకుని ఉన్నాడు.

తల్లి అద్దం మీద వేలి కణుపులతో తట్టి, తనే ఆ మాట అంది. అద్దానికి వేలిముద్ర అంటింది, అంతే. ఒక పిల్లాడు వాళ్ళమ్మ కొంగు లాగి, "ఆ ఆంటీ వాడిని పిలుస్తోంది" అన్నాడు.

ఆమె నేరుగా క్యూరేటరు గదికి వెళ్ళింది. అతను లేచి నిలబడి కుర్చీ చూపించాడు. ఆమె కూర్చోలేదు.

"ఆ అద్దం ఒక్కసారి తీయిస్తారా బాబూ? బొమ్మలావిడను తీసుకొస్తాను. రెండు నిమిషాలు చాలు."

"కుదరదమ్మా. లోపల తేమ లేని గాలి నింపి సీలు వేశారు. ఊరికే తెరిస్తే బొమ్మ పాడవుతుంది. మళ్ళీ తెరవాలంటే బొమ్మలోనే ఏదైనా మార్చాల్సి రావాలి."

"ఎప్పుడు మారుస్తారు?"

"ఇప్పుడు మనం అనుకుంటున్నది తప్పని తేలినప్పుడు."

"అదెప్పుడు తేలుతుంది?"

అతను ఇబ్బందిగా నవ్వబోయి, ఆమె ముఖం చూసి మానుకున్నాడు.

"చెప్పలేనమ్మా. పోయినసారి ముప్పై ఒక్క ఏళ్ళు పట్టింది."